ఒక్కసారి పాడి వదిలేస్తే ఎలా?

గాయక బృందాలు కొత్త స్వరకర్తల చేత పాటలు కట్టించుకోవాలన్న మీ వ్యాసం బాగుంది. అయితే డబ్బు కన్నా ముందు కావలసింది సాధన. నరసాపురంలో మా క్వయర్‌కు కిందటి క్రిస్మస్‌కు ఒక కుర్రవాడు నాలుగు గొంతుల పాట కట్టాడు. బాస్ (మగవాళ్ల కింది గొంతు) పాడేవాళ్లు ముగ్గురే, వాళ్లూ రొయ్యల చెరువుల నుంచి రాత్రి తొమ్మిదికి గాని రారు. టెనార్ (మగవాళ్ల పై గొంతు) వాళ్లకేమో పై స్వరాలు అందలేదు. అతను మా మధ్యే కూర్చుని, విసుక్కోకుండా రెండు స్వరాలు కిందికి దించి తిరగరాశాడు (ఆ ఓపిక నాకైతే లేదు). 1723లో జర్మనీలోని లైప్‌జిగ్ చేరిన స్వరకర్త బాఖ్ కూడా తొలి ఏళ్లలో, తన దగ్గరున్న గాయకుల కోసం దాదాపు వారం వారం కొత్త కాంటాటా (చర్చిలో వాద్యాలతో పాడే గీతాల కూర్పు) రాశాడు. మాతో పాటు పాలకొల్లు, భీమవరం, అమలాపురం బృందాలు తలా కొంత వేసుకుని ఒకే పాట రాయించుకుంటే ఖర్చు తగ్గుతుంది, పాట నాలుగు ఊళ్లలో వినబడుతుంది. మా పాటను ఈస్టర్ తరువాత మళ్లీ పాడుతున్నాం.