ఖరీన్ దెయ్యం కాదు
ముస్లింల నమ్మకాల్లో వచ్చే ఖరీన్ అంటే మనిషిని పట్టుకునే దెయ్యమని, విడిపించకపోతే జబ్బులు వస్తాయని మీ వ్యాసంలో ఒక పేరాలో రాశారు. నేను ఒప్పుకోను. ఆ అరబీ మాటకు అర్థం వెంట ఉండేవాడు, అంతే. ప్రతి మనిషికీ జిన్నుల్లోంచి, అంటే కంటికి కనపడని జీవుల్లోంచి, ఒక తోడు ఉంటాడని, తనకూ ఉన్నాడని, కానీ అల్లాహ్ సాయం వల్ల అతను మంచి తప్ప ఇంకేమీ చెప్పడని ముహమ్మద్ ప్రవక్త అన్నట్టు సహీహ్ ముస్లిం అనే హదీసుల, అంటే ప్రవక్త మాటల, సంకలనంలో ఉంది. దేవదూతల్లోంచి కూడా ఒక తోడు ఉంటాడని అందులోనే ఇంకో ఉల్లేఖనం. మీరు ఆ రెండోది అసలు చెప్పనే లేదు. ఖురాన్ 50వ సూరాలో (అధ్యాయంలో) తీర్పు రోజున ఆ తోడే, ఇతణ్ణి నేను చెడగొట్టలేదు, తనే దారి తప్పాడు అంటాడు. అంటే వాడి పని చెవిలో ఊదడం వరకే, చెయ్యి పట్టి లాగడం కాదు. మాది అనంతపురం నుంచి బెంగళూరు శివాజీనగర్ వచ్చి స్థిరపడ్డ దూదేకుల కుటుంబం, ఇంట్లో తెలుగే. మా జేజి పడుకునే ముందు ఖురాన్ చివరి 3 సూరాలు చదివి, అరచేతుల్లో ఊదుకొని, ముఖం మీద నుంచి కాళ్ల దాకా తుడుచుకునేది. పక్కలో ఉన్న నాకూ తుడిచేది, ఆ చేతులు తమలపాకు వాసన వచ్చేవి. ఖరీన్ పేరు చెప్పి ఆమె మమ్మల్ని ఒక్కసారీ భయపెట్టలేదు. మా చిన్నమ్మ కూతురికి పరీక్షల టెన్షన్‌తో నిద్ర పట్టకపోతే మాత్రం ఒకాయన, దీని ఖరీన్‌కు కోపం వచ్చిందని చెప్పి 5 వేలు తీసుకొని తాయెత్తు కట్టాడు. ఆ పిల్ల 3 నెలలు లైటు వేసుకునే పడుకుంది. డాక్టరుకు చూపించాకే కుదుటపడింది. దయచేసి ఆ పేరా సరిచేయండి.