లక్ష హిట్లంటే లక్షమంది కాదు

మా పిన్ని నడిపే పచ్చళ్ల వెబ్‌సైటుకు నెలకు లక్ష హిట్లు వస్తున్నాయంటూ, దాన్ని తయారుచేసిన సంస్థవారు ఒక రంగుల నివేదిక చేతిలో పెట్టి, ఆ లెక్క చూపించే నిర్వహణ రుసుము పెంచారు. ఆర్డర్లు మాత్రం నెలకు 30 దాటడం లేదు. లక్షమంది చూసి 30 మందే కొన్నారంటే లోపం ఆవకాయలోనే ఉందేమోనని ఆవిడ దిగులుపడింది. నాకు కోపం వచ్చింది అక్కడే.

హిట్ అనే మాట మనకు సినిమా హాలు నుంచి అలవాటైంది కాబట్టి వినగానే ఘనంగా తోస్తుంది గానీ, సర్వరు లెక్కలో బ్రౌజరు అడిగిన ప్రతి ఫైలూ ఒక హిట్టే. ఆవకాయ పేజీలో 24 ఫొటోలు, పేజీ ఫైలు ఒకటి, డిజైనుకూ స్క్రిప్టులకూ చెందినవి మరో 15 ఉన్నాయి. అంటే ఒక్కరు ఒక్కసారి తెరిస్తే 40 హిట్లు. అన్ని పేజీలూ ఇలాంటివే అనుకుంటే లక్ష హిట్లు 2,500 పేజీ వ్యూలకు దిగుతాయి. అందులోనూ సెర్చ్ ఇంజన్ల బాట్లు (పేజీలను వాటంతటవే తెరిచి చూసే ప్రోగ్రాములు) ఉంటాయి, తన పచ్చళ్లు ఎలా కనిపిస్తున్నాయో చూసుకోవడానికి పిన్ని రోజూ తెరిచినవీ ఉంటాయి.

సైటుకు వచ్చేవారిని లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్ పెట్టాక నెలకు యూజర్లు 600 మందని తేలింది. అయితే యూజరన్నా మనిషని కాదు, దాదాపుగా ఒక బ్రౌజరని అర్థం. ఫోనులో ఒకసారి, ఆఫీసు కంప్యూటరులో మరోసారి చూసినవారు సాధారణంగా ఇద్దరవుతారు. పేజీ తెరిచిపెట్టి, టీ తాగి అరగంట దాటాక తిరిగొస్తే అదే మనిషి రెండో సెషన్‌గా, అంటే మరో సందర్శనగా, నమోదవుతాడు. బౌన్స్ రేటు, అంటే వచ్చినట్టే వచ్చి వెనుదిరిగిన సెషన్ల శాతం, సంగతి ఇంకా తికమక. గూగుల్ అనలిటిక్స్ పాత రూపమైన యూనివర్సల్ అనలిటిక్స్‌లో ఒకే పేజీని పది నిమిషాలు శ్రద్ధగా చదివి వెళ్లినా సాధారణంగా బౌన్స్ కిందే లెక్క. 2023 జులై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన జీఏ4 (గూగుల్ అనలిటిక్స్ 4)లో 10 సెకన్లకు మించి ఉంటే చాలు, బౌన్స్ కాదు. ఈ రెండింటి బౌన్స్ రేట్లనూ పక్కపక్కన పెట్టి "మా పనితనం వల్ల తగ్గింది" అని ఇలాంటి సంస్థలు చెప్పడం అమాయకత్వమో గడుసుతనమో తేల్చుకోలేకపోతున్నాను.

600కు 30 అంటే ఇరవై మందిలో ఒకరు కొంటున్నట్టు. అది విన్నాక పిన్ని ఆ సంస్థకు ఫోన్ చేసి, "హిట్లు సరే బాబూ, మనుషులెంతమంది?" అని అడిగింది. కనుక్కుని చెబుతామన్నారు; మూడు వారాలైంది.