తీగకు కట్టేసిన డెమో ఫోన్ గారికి

మహారాజశ్రీ డెమో ఫోన్ గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా ఆ షోరూమ్ బల్ల మీద, వీపుకు అంటించిన మెలికల తీగతో, ఏసీ చల్లదనంలో, రోజంతా ఫుల్ చార్జింగ్‌తో క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

మా అందరి తరఫున తమరికి కృతజ్ఞతలు చెప్పుకోవాలి. అందరం అంటే ఎవరో తమరికి తెలియనిది కాదు. తమర్ని చేతిలోకి తీసుకుని బరువు చూస్తాం. కెమెరా తెరిచి సీలింగ్‌ను ఒక ఫొటో, పక్కనున్న బామ్మర్దిని ఒక ఫొటో తీస్తాం. వాల్యూమ్ పెంచి షాపంతా వినబడేలా పాట పెడతాం. నీలం రంగు ఎలా ఉంటుందో, నలుపు ఎలా ఉంటుందో పైనుంచి డబ్బాలు దింపించి మరీ చూస్తాం. చివరికి "ఇంట్లో ఒక మాట అడిగి వస్తాం" అని లేచి, మెట్ల మీదే అదే ఫోన్‌ను ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టేస్తాం. కొందరైతే మెట్ల దాకా కూడా ఆగరు. షాపాయన తెప్పించిన కూల్ డ్రింక్ ఒక చేతిలో, యాప్ ఇంకో చేతిలో!

తమరి ఉద్యోగం గురించి ఎప్పుడన్నా ఆలోచించారా? షోరూమ్ అద్దె షాపాయన కడతాడు. కరెంటు బిల్లు ఆయనదే. ఉదయం నుంచి నిలబడి పద్దెనిమిది మందికి అదే ర్యామ్, అదే మెగాపిక్సెల్ అప్పజెప్పే కుర్రాడి జీతం ఆయనదే. కొన్ని కంపెనీలు తమర్ని కూడా ఊరికే ఇవ్వవు, డీలరే ఎదురు డబ్బు పెట్టి కొనుక్కోవాలి. ఏడాది తిరిగేసరికి కొత్త మోడల్ వస్తుంది, జనం వేళ్లకు నలిగిన తమర్ని సగం ధరకు అడిగేవాడు కూడా ఉండడు. ఇంత ఖర్చుతో తమరు చేసే పని మాత్రం బెంగళూరు ఫ్లిప్‌కార్ట్‌కో, సియాటిల్ అమెజాన్‌కో! సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత ఎవరి గురించి పుట్టిందో నాకు ఇప్పుడే అర్థమైంది.

ఊరికే చూసిపోవడం మేం కొత్తగా నేర్చిన విద్య కాదు లెండి. 1982లో దూరదర్శన్‌కు రంగులొచ్చాయి. ఆ తర్వాత ఊరి బజార్లో టీవీ షాపు అద్దాల వెనక తమరి పూర్వీకులు కొలువు తీరేవారు. మన హైదరాబాద్‌లోనే ఈసీఐఎల్ తయారుచేసిన ఈసీ టీవీ, సాలిడేర్, డయనోరా, ఆ తర్వాత ప్రకటనల్లో కొమ్ముల దెయ్యాన్ని వెంటేసుకుని ఒనిడా. క్రికెట్ ఉందంటే ఫుట్‌పాత్ మీద అడుగు పెట్టే సందుండేది కాదు. 1996 వరల్డ్ కప్ సెమీఫైనల్ ఈడెన్ గార్డెన్స్‌లో మధ్యలో ఆగిపోయిన రాత్రి, ఏడ్చినవాళ్లలో సగం మంది పరాయివాడి షాపు ముందు నిలబడి ఏడ్చారు. షాపాయన ఒక్కణ్ణీ పొమ్మనలేదు. ఆయనకు తెలుసు, చెల్లెలి పెళ్లికో, బోనస్ వచ్చినప్పుడో ఈ నిలబడ్డవాడే లోపలికి వస్తాడని. రాక ఎక్కడికి పోతాడు? చూసే చోటూ కొనే చోటూ ఒక్కటే. అందుకే ఆ రోజుల్లో చూపు ఉచితం. ఇప్పుడూ ఉచితమే, కాకపోతే బిల్లు వేరే చోట పడుతోంది.

బేరానికి వెళ్లాలనుకున్నవాళ్లకు వేరే దారులుండేవి. స్పీకర్లకూ ఆంప్లిఫయర్ సామానుకూ కోఠిలోని గుజరాతీ గల్లీ, మొబైల్‌కు ఆబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్, కంప్యూటర్‌కు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే చెనాయ్ ట్రేడ్ సెంటర్ బిల్డింగు. అసెంబుల్డ్ సిస్టమ్ కొనాలంటే ఒక షాపులో కొటేషన్ చీటీ రాయించుకుని, దాన్ని పక్క షాపులో చూపించి, అక్కడ తగ్గించిన రేటును మూడో షాపులో చదివి వినిపించేవాళ్లం. మదర్‌బోర్డు ఒకరి దగ్గర, ర్యామ్ ఇంకొకరి దగ్గర. ధరలు పోల్చి చూపించే వెబ్‌సైట్ అప్పట్లో మా కాళ్లే. అయితే ఎన్ని మెట్లెక్కి దిగినా ఆ డబ్బు ఆ బిల్డింగు దాటి పోయేది కాదు.

తర్వాత కథ తమరి కళ్ల ముందు జరిగిందే. 2007లో పుస్తకాలమ్ముకుంటూ మొదలైన ఫ్లిప్‌కార్ట్ 2010లో "సరుకు చేతికొచ్చాకే డబ్బులివ్వండి" అంది. కార్డు నంబరు కొట్టాలంటే చెయ్యి వణికే జాతి మాది, ఆ ఒక్క మాటతో భయం వదిలేశాం. 2013లో అమెజాన్ దిగింది. 2014లో మోటో జీ, షావోమీ ఎంఐ 3 వచ్చాయి. వాటికి షాపుతో పనే లేదు, ఆన్‌లైన్‌లోనే అమ్మకం. షాపుకెళ్లి అడిగితే "మా దగ్గర రాదు సార్" అని ఓనరే సిగ్గుపడుతూ చెప్పాల్సి వచ్చేది. కొట్టులో సరుకు అయిపోవడం అందరికీ తెలుసు. కొట్టుకు సరుకు రానే రాకపోవడం అప్పుడే చూశాం.

అదే ఏడాది అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ వారి డిస్కౌంట్ల జాతర, మొదటి బిగ్ బిలియన్ డే. సైట్ పడిపోయింది, పెట్టిన ఆర్డర్లు రద్దయ్యాయి, ఫ్లిప్‌కార్ట్ వ్యవస్థాపకులు జనానికి క్షమాపణ లేఖ రాశారు. ఆ సాయంత్రం షాపుల వాళ్లు ఒకరికొకరు టీ పోయించుకుని ఉంటారు. ఆ సంబరం ఎంతో కాలం నిలవలేదు. ఇప్పుడు ఏటా ఆ సేలు సరిగ్గా దసరా, దీపావళి ముందే వచ్చి వాలుతుంది. పాపం షాపుల వాళ్లూ తక్కువ తినలేదు. గుమ్మానికి మామిడాకులు, ఆయుధపూజ నాడు బిల్లింగ్ మెషిన్‌కు కుంకుమ బొట్టు, హీరో ఫొటోతో హోర్డింగు, బంపర్ డ్రాలో కారు. (ఆ కారు గెలిచినవాణ్ణి నేను ఇంతవరకూ కలవలేదు. మీరెవరైనా కలిసి ఉంటే చెప్పండి.)

ప్రభుత్వం చూస్తూ ఊరుకుందని అనకండి. 2016లో ఒక ప్రెస్ నోటు, 2018 డిసెంబరులో ఇంకో ప్రెస్ నోటు ఇచ్చింది. విదేశీ పెట్టుబడి ఉన్న మార్కెట్‌ప్లేస్‌లు, అంటే అమ్మేవాణ్ణీ కొనేవాణ్ణీ కలిపే సైట్లు, ధరలను ప్రభావితం చేయకూడదు, మా దగ్గరే అమ్మాలని ఎవర్నీ కట్టడి చేయకూడదు అంది. మార్కెట్‌ప్లేస్ వారు తు.చ. తప్పకుండా పాటిస్తున్నామన్నారు. ధర తగ్గించేది వాళ్లు కాదట, సెల్లరట, బ్యాంకు కార్డట! 2020 జనవరిలో కాంపిటీషన్ కమిషన్ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌ల మీద విచారణకు ఆదేశిస్తే ఆ ఫైలు కోర్టు మెట్లన్నీ ఎక్కింది. 2024లో దక్షిణాది రిటైలర్ల సంఘం మార్జిన్లు చాలట్లేదని, మే 1 నుంచి వన్‌ప్లస్ సరుకు అమ్మబోమని ప్రకటించింది. ఆ వార్త కూడా మేం ఫోన్‌లోనే చదివాం.

అలాగని షాపు వారి మీద జాలితో కళ్లు తుడుచుకుంటున్నానని అనుకోవద్దు. తమరి ఎదురుగానే ఎన్ని జరగలేదు! మేం ఒక కంపెనీ ఫోన్ అడిగితే "అది హీటవుతోంది సార్, ఇది తీసుకోండి" అని ఇంకోటి చేతిలో పెట్టిన అబ్బాయి షాపు మనిషి కాడు, ఆ రెండో కంపెనీ పెట్టుకున్న ప్రమోటర్ అని అతని టీషర్టే చెబుతుంది. ఫోన్ కొంటే టెంపర్డ్ గ్లాసు, గ్లాసు కొంటే పౌచ్, పౌచ్ తీసుకుంటే ఎక్స్‌టెండెడ్ వారంటీ. వద్దంటే మన బిడ్డను మనమే అనాథను చేస్తున్నట్టు ఒక చూపు. "బిల్లు కావాలా సార్?" అనే ప్రశ్న వేరే. బిల్లుంటే ఒక రేటు, లేకుంటే ఇంకో రేటు. "ఈ ఆఫర్ ఈ రోజుతో లాస్ట్" అన్న బ్యానరు మాత్రం ఎండకు వెలిసిపోయేదాకా అక్కడే వేలాడుతుంది. యాప్ అబద్ధం చెప్పదని కాదు. అది ముఖం చూసి చెప్పదు, అదొక్కటే తేడా.

అమెరికాలో తమరి బంధువుల సంగతి కూడా విన్నాను. సర్క్యూట్ సిటీ 2009లో మూతపడింది, రేడియోషాక్ 2015లో దివాలా తీసింది. బెస్ట్ బై మాత్రం బతికి బట్టకట్టింది. అక్కడి మన తెలుగు పిల్లలు ఒకప్పుడు థాంక్స్ గివింగ్ రాత్రి చలిలో లైన్లో నిలబడింది దాని ముందే. ఆ కంపెనీ 2013లో రెండు పనులు చేసింది. అమెజాన్ ధర చూపిస్తే అదే ధరకు ఇస్తామంది. శాంసంగ్ లాంటి కంపెనీలకు తన షాపులోనే చోటిచ్చి వాళ్ల కొట్లు పెట్టించింది. అంటే అక్కడి డెమో ఫోన్ కూర్చున్న చోటుకు లెక్క కట్టే దిక్కు ఒకటుంది. తమరికి ఆ యోగం మన పెద్ద షోరూముల్లోనే, పెద్ద బ్రాండ్ల దయ ఉన్న మేరకే. సందు చివరి షాపులో తమరికి దక్కేది దుమ్ము తుడిచే పసుపు గుడ్డ.

ఇంట్లో మిగతావాళ్లు బాగానే ఉన్నారు లెండి. ఫ్రిజ్ పెద్దమ్మను ఇప్పటికీ తలుపు తీసి, కూరగాయల డబ్బా లాగి చూడందే ఆడవాళ్లు ఒప్పుకోరు. వాషింగ్ మెషిన్‌ను మూడో అంతస్తుకు మోయించి, పాతది ఎక్స్ఛేంజిలో తీసుకెళ్లేవాడు కావాలి. అందుకే ఊరూరా బ్రాంచీలున్న పెద్ద చైన్ షాపులు చెక్కుచెదరలేదు. మన బజాజ్ ఎలక్ట్రానిక్స్ మాతృసంస్థ 2022లో షేర్ మార్కెట్‌కే వెళ్లింది. వాడిపోతున్నది ఓనరే క్యాష్ కౌంటర్లో కూర్చునే షాపు. "మీ నాన్నగారు తీసుకెళ్లిన మిక్సీ ఎలా ఉంది?" అని అడిగే షాపు. అలాంటివి కొన్ని ఇప్పుడు పగిలిన స్క్రీన్లు మార్చుతూ, సీసీ కెమెరాలు బిగిస్తూ, సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లు అమ్ముతూ నడుస్తున్నాయి. మేం ఆన్‌లైన్‌లో కొన్న ఫోన్ పట్టుకుని వెళ్లి "అన్నా, పాత ఫోన్‌లో వాట్సాప్ దీంట్లోకి మార్చి పెట్టవా?" అని అడిగేది కూడా వాళ్లనే. అన్న మార్చి పెడతాడు. డబ్బులిస్తామంటే "పర్లేదు సార్, ఈసారి మన దగ్గర తీసుకోండి" అంటాడు. అలాగే అంటాం. అంతకంటే ఏమనగలం?

పోనీ ఆ ఆన్‌లైన్ వాళ్లైనా నిశ్చింతగా ఉన్నారా అంటే అదీ లేదు. 2024లో ఐఫోన్ 16 విడుదలైన రోజే కిరాణా యాప్‌లు దాన్ని నిమిషాల్లో గుమ్మంలో పెట్టాయి, కొత్తిమీర కట్ట తెచ్చే సంచీలోనే. రెండు రోజులు ఆగమనే పెద్ద యాప్‌కు ఆ రోజు బీపీ పెరిగే ఉంటుంది.

ఇక తమరికి నా విన్నపం ఒక్కటే. ఉద్యోగం మానకండి. తమరు లేకపోతే స్క్రీన్ అంగుళాలు చేతికి ఎంతొస్తాయో మాకెవరు చెబుతారు? ఫొటోలో సన్నగా కనబడి ఇంటికొచ్చాక ఇటుకలా తేలిన ఫోన్‌ను రిటర్న్ పెట్టడం, దానికి అన్‌బాక్సింగ్ వీడియో తీసుకోవడం, ఓటీపీ చెప్పడం, కస్టమర్ కేర్ సంగీతం వినడం, ఆ టెన్షన్ మాకొద్దు.

ఇట్లు,
తమరి నిత్య సందర్శకుడు

తా.క.: ఆదివారం మా తోడల్లుణ్ణి పంపుతున్నాను. పక్క బల్ల మీద 55 అంగుళాల టీవీ గారిని చూడాలట. సేల్స్ కుర్రాడితో ఆయన చాలాసేపు మాట్లాడతాడు, రిమోట్ అడుగుతాడు, గోడకు బిగించే స్టాండు ఉచితమా అని అడుగుతాడు. కొంటాడని మాత్రం ఆ కుర్రాడికి ఆశ పెట్టకండి. కూల్ డ్రింక్ అయితే లిమ్కా చెప్పమనండి, ఆయనకు షుగరుంది గానీ లిమ్కాకు లెక్క లేదంటాడు.