లారీకి తోక ఎంతుండాలి?

మొన్న దాళ్వా కోతలయ్యాక ఓ సాయంత్రం కాలవగట్టు రోడ్డు మీద ఒక గడ్డి లారీ వెనక ముప్పావుగంట ఇరుక్కుపోయాను. లారీ అనడం నా ఊహే. వెనక నుంచి చూస్తే లారీ కనపడదు, చక్రాలు కనపడవు, నంబరు ప్లేటు సంగతి సరేసరి. ఒక గడ్డివాము ఇంట్లోవాళ్ళ మీద అలిగి తనంతట తాను లేచి పుట్టింటికి బయల్దేరినట్టుంది. ఎడమ పక్క గడ్డి కొబ్బరాకుల్ని రాసుకుంటోంది, కుడి పక్కది కాలవ మీదికి వేలాడుతోంది, స్కూటరు మీద నేను మధ్యలో సందెక్కడా అని వెతుక్కుంటున్నాను. దారి లేనప్పుడే మనిషికి శాస్త్ర చింతన పుడుతుంది కదా, నాకూ పుట్టింది. లారీల కొలతలు, గాలి దెబ్బ (అంటే ఎదురు గాలి లారీని వెనక్కి నెట్టే బలం), డీజిల్ పొదుపు. ఇంత పెద్ద విషయాన్ని మనవాళ్ళు ఇంతవరకు సీరియస్‌గా తీసుకోకపోవడం బాధాకరం.

ఐరోపా వాళ్ళు తీసుకున్నారు. 1996లో చట్టం రాసుకున్నారు: లాగే ముందు బండీ, వెనక సరుకు పెట్టె ఉండే ట్రెయిలరూ కలిపి పొడవు 16.5 మీటర్లు దాటకూడదు, వెడల్పు 2.55, ఎత్తు 4. మొత్తం పొడవుకి హద్దు పెడితే వ్యాపారి ఏం చేస్తాడు? సరుకు పెట్టెని తగ్గించుకోడు, డ్రైవరు కూర్చునే గదిని నొక్కుతాడు. అలా అక్కడి లారీలన్నీ శూర్పణఖలైపోయాయి. ముక్కు లేని మొహం వేసుకుని గంటకి 80, 90 కిలోమీటర్లతో గాలిని గుద్దుకుంటూ ఏళ్ళ తరబడి తిరిగాక, 2015లో అయ్యో డీజిల్ పోతోందే అని తెలివొచ్చి, సరే, ముక్కు కాస్త గుండ్రంగా పెంచుకోండి, వెనక గాలి సాఫీగా జారిపోయేలా తోకలాగా గాలి రెక్కలు పెట్టుకోండి, అవి పొడవు లెక్కలోకి రావు, కాకపోతే అర మీటరు దాటిన రెక్కలకి విడిగా అనుమతి కావాలి, అవసరమైతే మడిచేసేలా ఉండాలి అని సవరించారు. అమెరికా వాళ్ళు 1982 నుంచి హైవేల మీద ముందు బండిని వదిలేసి ట్రెయిలరునే కొలుస్తారు గనుక వాళ్ళ లారీలకి ముక్కులు దక్కాయి. వెనక తోక 5 అడుగుల దాకా ఉన్నా అక్కడ లెక్కలోకి రాదు.

తోక ముడిచే ఏర్పాటు గురించి ఇన్ని పేజీల చట్టం రాసుకున్నారంటే జాలేసింది. మా దగ్గర ముందు సెంటర్లో బ్రేక్ ఇన్‌స్పెక్టరు జీపు ఆగిందని ఒక్క ఫోన్ వస్తే చాలు, పది లారీలు ఒకేసారి ముడుస్తాయి.

ఈ విద్యలో పెద్ద పరిశోధన ఒకటి అమెరికాలో సైకిలు దగ్గర మొదలైంది. 1970ల్లో కాలిఫోర్నియాలో ఎడ్విన్ సాల్ట్‌జ్‌మన్ అనే నాసా ఇంజనీరు సైకిలు మీద ఆఫీసుకి పోతుంటే, పక్క నుంచి పెద్ద లారీ వెళ్ళినప్పుడల్లా గాలి ముందు అవతలికి నెట్టేది, వెంటనే లారీ వైపు లాగేది. ఈ నెట్టడం, లాగడం అంతా ఎవరి డీజిల్ అని ఆయనకి అనుమానం వచ్చింది. ఒక వ్యాన్‌కి చుట్టూ అల్యూమినియం రేకులు కొట్టి చెప్పుల డబ్బా ఆకారం చేయించి, తర్వాత మూలలు ఒక్కొక్కటే గుండ్రం చేసుకుంటూ గాలి దెబ్బ ఎంత తగ్గుతుందో కొలిచారు. చాలా తగ్గింది. మా కోనసీమలో సైకిలు మీద బడికెళ్ళిన ప్రతివాడూ ఈ రెండు దెబ్బలూ తిన్నవాడే. మావాడు కాలవలోంచి లేచి, చొక్కా పిండుకుని, డ్రైవరు తాతముత్తాతల్ని తలుచుకుని ఇంటికెళ్ళిపోతాడు. పరిశోధన అక్కడితో ఆగిపోతోంది.

కానీ ఫలితం మాత్రం మనకి ఎప్పుడో వచ్చేసింది. మూలలు గుండ్రంగా ఉండాలన్నారు కదా, గడ్డి లారీకి అసలు మూలెక్కడుంది? ముందు గుండ్రం, వెనక గుండ్రం, తోక కూడా సహజసిద్ధంగా వేలాడుతూ ఉంటుంది. ఒక్కటే చిక్కు. గాలికి ఎదురు నిలబడే మొహం ఎంత పెద్దదైతే దెబ్బ అంత పెద్దది, మనవాళ్ళు ఆ మొహాన్ని రెట్టింపు చేశారు.

దీనికీ జవాబుంది. గాలి దెబ్బ వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే 80లో పోయే లారీ 20కి దిగితే దెబ్బ పదహారో వంతుకి పడిపోతుంది. మా గట్టు మీద ఇరవయ్యే గొప్ప. స్పీడ్ బ్రేకరు, గొయ్యి, గేదె, మళ్ళీ స్పీడ్ బ్రేకరు, ఎవరిదో పెళ్ళి ఊరేగింపు. డీజిల్ అంతా బ్రేకు కొట్టి ఫస్ట్ గేరులో లేపడానికే పోతుంటే పాపం గాలికి మిగిలేదేముంది? మన కేంద్రం 2017లో పెద్ద లారీలకి ఇంధన ప్రమాణాలు పెట్టినప్పుడు కూడా 40లోనూ 60లోనూ నడిపి కొలవమంది. ఎక్కడ నడిపారో గానీ మా వైపైతే కాదు.

పక్కన చక్రాల మధ్య ఖాళీకి రేకు కడితే గాలి కిందికి దూరదంటారు, దాన్ని అక్కడ స్కర్టు అంటారు. లారీకి పరికిణీ అన్నమాట. మన లారీలకి మనుషులు కిందికి పోకుండా పక్క పైపులు ఎలాగూ ఉండాలి, వాటికే రేకు కొట్టిస్తే పని అయిపోతుంది. అయితే ఆ ఖాళీలోనే క్లీనరు బకెట్టూ, పంపు స్టవ్వూ, స్టెప్నీ వేలాడుతుంటాయి. ఓనరుకి మైలేజీ కావాలా, డ్రైవరుకి అన్నం కావాలా అనేది ముందు తేలాలి.

ఇక చట్టం. మన దగ్గర కూడా లారీ వెడల్పు 2.6 మీటర్లు, ఎత్తు 4 మీటర్లు. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక లోడు పక్కలకి గానీ పైకి గానీ హద్దు దాటితే 20,000 రూపాయల జరిమానా. లారీ ఖాళీగా ఉన్నంతసేపూ ఈ చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తుంది. కొలిచే టేపు కూడా అక్కర్లేదు, రోడ్డు మీదికి వంగిన నిద్రగన్నేరు కొమ్మల్ని చూడండి. ఒక ఎత్తు దాకా ప్రతి కొమ్మకీ గడ్డి పోచలు చిక్కుకుని ఉంటాయి, అదీ మా మండలంలో అమల్లో ఉన్న ఎత్తు. దాని పర్యవేక్షణకి గడ్డి మీద ఒక కుర్రాడు వెదురు గెడ పట్టుకుని పడుకుని ఉంటాడు. కేబుల్ తీగ వస్తే లేచి ఎత్తుతాడు, లారీ దాటాక వదిలేస్తాడు. కరెంటు తీగొస్తే వంగుతాడు. ఈ శాఖలో ఇంత నిబద్ధతతో పనిచేసే మనిషిని నేను ఇంకోణ్ణి చూళ్ళేదు, ఆ కుర్రాడికి మాత్రం ఏమన్నా అయితే అడిగేవాడు ఉండడు.

చివరికి లాకుల దగ్గర లారీ టీ కోసం పక్కకి తీసింది. నేను హారన్ కొట్టుకుంటూ దాటాను. ఆగిన లారీ కదా, సాల్ట్‌జ్‌మన్ గారు చెప్పిన నెట్టడమూ లేదు, లాగడమూ లేదు. ఇంటికెళ్ళేసరికి కాలర్లో, జేబుల్లో, హెల్మెట్లో అంతా గడ్డే. మా ఆవిడ వాకిట్లోనే నిలబెట్టి దులిపి, రాలినదంతా ఏరి దూడ ముందు పడేసింది.

"మళ్ళీ ఎప్పుడెళ్తారు అటు?" అనడిగింది.