వీడు తిరిగొస్తాడని రుజువేంటి?

మా మేనల్లుడు ఆరు వారాల ఇంగ్లీషు కోర్సుకి బ్రైటన్ వెళ్తాడట. చీరాలలో ఇంత సముద్రం పెట్టుకుని మళ్ళీ ఇంకో సముద్రం ఒడ్డుకే వెళ్ళడమేంటో నాకు తెలీదు, అది వాడి ఖర్మ. జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్తాడు, ఉచ్చారణ బాగుచేసుకోవాలని కోరిక. ఆర్నెల్ల లోపు చదువైతే యూకేకి విజిటర్ వీసా చాలు. ఫీజు 2025 ఏప్రిల్‌లో 127 పౌండ్లు చేశారు. ఇంతవరకూ ఎవరికీ ఏ పేచీ లేదు.

పేచీ అంతా వీడు వెనక్కి వస్తాడా అన్నదాంట్లోనే. బుద్ధిగా చదువుతాడని నమ్మించక్కర్లేదు, కోర్సయ్యాక విమానం ఎక్కుతాడని మాత్రం వీసా ఇచ్చేవాళ్ళకి ఇప్పుడే, కాగితాల మీద రుజువు చేయాలి.

కన్సల్టెన్సీ కుర్రాడు ఓపిగ్గా విడమరిచాడు. జీతం తక్కువైతే అక్కడే ఉండిపోతాడని అనుమానం. ఎక్కువైతే, ఇంత సంపాదించేవాడికి ఆరు వారాల కోర్సు దేనికని అనుమానం. పెళ్ళి కాలేదా, అయితే ఇక్కడ కట్టిపడేసేది ఏముంది? అకౌంట్లో డబ్బుల్లేకపోతే ఎలా బతుకుతాడు? మొన్న మా బావ మూడు లక్షలు వేస్తే, అవి ఆకాశం నుంచి ఊడిపడ్డాయా? ఆర్నెల్ల స్టేట్‌మెంటు చూస్తారట మరి.

దరఖాస్తు నింపే రోజు ఇంటిల్లిపాదీ హాల్లో చేరాం. తల్లి పుట్టిన తేదీ కావాలంది ఫారం. "దివిసీమ ఉప్పెనొచ్చిన వారానికి" అంది మా అమ్మ. అంటే 1977 నవంబరు చివర్లో ఎప్పుడో. ఆధార్‌లో జులై 1 అని ఉంది. ఉప్పెన ఓడిపోయింది, ఆధార్ గెలిచింది. తర్వాత ప్రశ్న: యుద్ధకాలంలో గానీ శాంతికాలంలో గానీ నువ్వు యుద్ధ నేరాల్లో, మారణహోమంలో పాల్గొన్నావా?

"ఏందిరా అది?"

"ఎవర్నన్నా ఊచకోత కోశావా అని అడుగుతున్నారు అమ్మమ్మా."

"టెన్త్‌లో లెక్కల మాస్టారి సైకిల్ గాలి తీశావుగా, అది రాయి."

"అది మారణహోమం కిందకి రాదమ్మమ్మా."

"మాస్టారు మూడు మైళ్ళు నడిచాడ్రా!"

అరగంట చర్చించి 'లేదు' అని టిక్కు పెట్టాం. అయినా ఊచకోత కోసినవాడెవడైనా ఈ పెట్టె దగ్గర నిజాయితీగా 'అవును' అంటాడా? అన్నట్టు, 1919లో జలియన్‌వాలాబాగ్‌లో కాల్పులు జరిపించిన దొరకి ఇలాంటి ఫారం ఎవరైనా ఇచ్చారా?

సరే, నవ్వులాట చాలు. ఇన్ని కాగితాలు మోసుకెళ్ళాక, కుర్చీలో కూర్చున్న ఒకాయనకి 'నమ్మకం కుదరలేదు' అనిపిస్తే ఒక ఉత్తరం వస్తుంది. ఫీజు వెనక్కి రాదు. మామూలుగా అప్పీలూ ఉండదు, కావాలంటే మళ్ళీ ఫీజు కట్టి మళ్ళీ అడుక్కోవాలి. మా మేనల్లుడి నెల జీతంలో సగం అది! నమ్మకం వాళ్ళకి కుదరకపోతే డబ్బులు వీడెందుకు పోగొట్టుకోవాలి? వీడు దొంగతనం చేశాడా? చదువుకుంటానన్నాడు, అంతేగా!

తిరిగి రావడం గురించి మా చీరాలకా పాఠాలు? దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఎడిన్‌బరోలో చదువుకుని శుభ్రంగా తిరిగొచ్చాడు. వచ్చి ఊరుకున్నాడా? 1921లో మున్సిపాలిటీ పన్ను కట్టబోమని చీరాల-పేరాల జనాన్ని ఊరు ఖాళీ చేయించి రామనగర్ పాకల్లో నెలల తరబడి కాపురం పెట్టించాడు. తెల్లదొరలు తల పట్టుకున్నారు. ఆయన అక్కడే ఉండిపోయుంటే బాగుండునని ఆ రోజు వాళ్ళు ఎన్నిసార్లు అనుకున్నారో!

ప్రస్తుతానికి మా బావ పట్టాదారు పాస్‌బుక్ జిరాక్స్ షాపులో ఉంది. అర ఎకరం చూసుకోవడానికైనా వస్తాడని నమ్ముతారట. మా అమ్మ మాత్రం, "నేనిక్కడ ఉండగా వాడు రాకుండా ఎట్టా ఉంటాడు, ఆ మాట రాయండి" అని పట్టు పట్టింది. అది ఏ డాక్యుమెంటు కింద అప్‌లోడ్ చేయాలో కన్సల్టెన్సీ కుర్రాడు ఇంకా వెతుకుతున్నాడు.