సవరణ: ఏఎన్3 బోల్టుల బిగింపు

ఆర్‌వీ-7 లాంటి రెండు సీట్ల కిట్ విమానాల్లో (విడిభాగాలు కొని సొంతంగా కూర్చుకునేవి) వాడే ఏఎన్3 బోల్టులను, అంటే 3/16 అంగుళాల విమాన బోల్టులను, 20–25 ఫుట్-పౌండ్లకు బిగించాలని ముందటి పోస్టులో రాశాను. అది తప్పు. అవి అంగుళం-పౌండ్లు, అంటే సుమారు 2.3–2.8 న్యూటన్ మీటర్లు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ప్రామాణిక పట్టికలో ఉన్నది ఇదే.

ఫుట్-పౌండ్లలో, అంటే పన్నెండు రెట్లు బిగిస్తే 3/16 అంగుళాల బోల్టు తెగుతుంది. తెగకుండా సాగితే ఇంకా ప్రమాదం, ఎందుకంటే పైకి బాగానే కనిపిస్తుంది. అలా బిగించినవాళ్లు వదులు చేసి మళ్లీ వాడొద్దు. బోల్టు, నట్టు రెండూ కొత్తవి వేయండి.

సెల్ఫ్ లాకింగ్ నట్టు (దానంతటదే వదులు కాకుండా పట్టి ఉండేది) వాషర్‌ను తాకకముందు తిరగడానికి పట్టే టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, కొలిచి, పై అంకెకు కలపండి. బోల్టుపై అడ్డంగా బలం పడేచోట వాడే పలుచని షియర్ నట్టుకు 12–15 అంగుళం-పౌండ్లే. వీలైనచోట నట్టునే తిప్పండి, బోల్టు తలను కాదు.