జోక్యాలకు పుట్టిల్లు కరేబియన్ తీరమే

అమెరికా పరాయి గడ్డపై సైన్యాన్ని దింపే అలవాటు ఎప్పుడు మొదలైంది? స్పెయిన్‌తో 1898లో చేసిన యుద్ధంతోనని కొందరు, కమ్యూనిజాన్ని అడ్డుకోవాలన్న అధ్యక్షుడు ట్రూమన్ 1947 నాటి సిద్ధాంతంతోనని ఇంకొందరు, 2001 సెప్టెంబరు దాడులతోనని మరికొందరు వాదిస్తున్నారు. దీన్ని చరిత్రకారుల కాలక్షేపమనుకుంటే పొరపాటు. జబ్బు మూలం తెలిస్తేనే మందు ఎక్కడ వేయాలో తెలుస్తుంది. 2025 జూన్ 22న ఇరాన్‌లోని ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ అణు కేంద్రాలపై అమెరికా బాంబర్లు దాడి చేశాయి. అందుకు కాంగ్రెస్ అనుమతి లేదు. యుద్ధం ప్రకటించే అధికారం కాంగ్రెస్‌దేనని అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణంలోనే రాసి ఉంది. ఆ దేశం చిట్టచివరిసారిగా యుద్ధం ప్రకటించింది 1942 జూన్‌లో, బల్గేరియా, హంగరీ, రొమేనియాల మీద. కొరియా, వియత్నాం, ఇరాక్, అఫ్గానిస్థాన్... తర్వాతి యుద్ధాల్లో ఏ ఒక్కటీ ప్రకటిత యుద్ధం కాదు.

ప్రచ్ఛన్న యుద్ధమే మూలమైతే, సోవియట్ యూనియన్ కూలిన 1991తో ఈ అలవాటు తగ్గాలి. తగ్గలేదు. ఆ పదేళ్లలోనే సోమాలియా, హైతీ, బోస్నియా, కొసావో వరసకట్టాయి. 2001ని మూలంగా చూపేవారు 1989 డిసెంబరును మరిచిపోతున్నారు. అప్పుడు 20 వేలకు పైగా అమెరికా సైనికులు పనామాలో దిగారు. ఆ దేశాన్ని ఏలుతున్న జనరల్ నొరియేగాను పట్టుకుని మయామీ కోర్టు ముందు నిలబెట్టారు. మరీ వెనక్కి వెళ్లి 1801లో ట్రిపోలీ సముద్ర దొంగలతో జరిగిన పోరును చూపేవారూ ఉన్నారు. కానీ నాటి అధ్యక్షుడు జెఫర్సన్ విషయాన్ని కాంగ్రెస్ ముందు పెట్టారు. 1802 ఫిబ్రవరిలో చట్టసభ నుంచి అధికారం తెచ్చుకున్నారు. 1846లో మెక్సికోపై చేసిన యుద్ధం మరో కోవకు చెందినది. అది భూమి కోసం జరిగింది, గెలిచిన భూమిని దేశంలో కలిపేసుకున్నారు. ఆధునిక జోక్యం లక్షణం వేరు. దేశాన్ని కలుపుకోరు. దాని ఖజానాను, సైన్యాన్ని, విదేశాంగాన్ని అదుపులో పెట్టుకుంటారు. కావలసినప్పుడు తిరిగి వచ్చే హక్కును రాయించుకుంటారు. ఈ పద్ధతి పూర్తిగా రూపుదిద్దుకున్నది 1898 - 1915 మధ్య, కరేబియన్‌లో.

1898 ఫిబ్రవరి 15 రాత్రి హవానా రేవులో మెయిన్ అనే అమెరికా యుద్ధనౌక పేలి 260 మందికి పైగా నావికులు చనిపోయారు. బయటి నుంచి పెట్టిన మందుపాతరే కారణమని నౌకాదళ విచారణ తేల్చింది. పత్రికలు స్పెయిన్‌పై కత్తులు నూరాయి. రెండు నెలలు తిరిగేసరికి యుద్ధం వచ్చింది. 1976లో అడ్మిరల్ రికోవర్ బృందం ఆ సాక్ష్యాలనే మళ్లీ పరిశీలించింది. బొగ్గు గదిలో రాజుకున్న నిప్పు పక్కనున్న మందుగుండు గదిని అంటుకుని ఉండవచ్చని చెప్పింది. ఆ నివేదిక 78 ఏళ్లు ఆలస్యంగా వచ్చింది. ఈలోగా ఫిలిప్పీన్స్, పోర్టోరికో, గువామ్ చేతులు మారిపోయాయి. ఫిలిప్పీన్స్ కోసం స్పెయిన్‌కు 2 కోట్ల డాలర్లు చెల్లించే పారిస్ ఒప్పందాన్ని సెనేట్ 1899 ఫిబ్రవరి 6న 57-27 ఓట్లతో ఆమోదించింది. మూడింట రెండొంతుల మెజారిటీకి కావలసినదాని కన్నా వచ్చింది ఒక్క ఓటే ఎక్కువ. అప్పటికి రెండు రోజుల ముందే మనీలాలో ఫిలిప్పినోలపై కాల్పులు మొదలయ్యాయి. కాల్పుల మధ్య ఓటు వేసే సభలో ఎదురు చెప్పడం ఎంత కష్టమో ఆ రోజే తేలింది.

క్యూబాలో జరిగింది మరింత ముఖ్యం. ఆ దీవిని కలుపుకోబోమని టెల్లర్ సవరణ ద్వారా కాంగ్రెస్ ముందే మాట ఇచ్చింది. అందుకని 1901లో ప్లాట్ సవరణ తెచ్చారు. ఇతర దేశాలతో స్వాతంత్ర్యానికి భంగం కలిగే ఒప్పందాలు క్యూబా చేసుకోకూడదు. తీర్చలేని అప్పులు చేయకూడదు. నౌకా స్థావరాలకు స్థలం ఇవ్వాలి. అమెరికా జోక్యం చేసుకునే హక్కును ఒప్పుకోవాలి. ఇవన్నీ తన రాజ్యాంగంలో చేర్చుకుంటేనే సైన్యం వెళుతుందని షరతు పెట్టారు. క్యూబా తలవంచింది. సైన్యం 1902లో వెళ్లి, 1906లో తిరిగి వచ్చి, 1909 దాకా ఉంది. ప్లాట్ సవరణను 1934లో రద్దు చేశారు. గ్వాంటనామో స్థావరం మాత్రం 1903 కౌలు పేరు మీద ఇప్పటికీ అమెరికా చేతిలోనే ఉంది.

తర్వాత వంతు సుంకాలది. 1902-03లో అప్పుల వసూలుకు జర్మనీ, బ్రిటన్, ఇటలీ యుద్ధనౌకలు వెనెజువెలా రేవులను దిగ్బంధించాయి. యూరప్‌ను దూరం పెట్టాలంటే ఆ పని తామే చేయాలని అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ నిర్ణయించారు. 1904 డిసెంబరులో కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో దాన్ని విధానంగా ప్రకటించారు. మరుసటి ఏడాదే డొమినికన్ రిపబ్లిక్ కస్టమ్స్ కార్యాలయాలను అమెరికా అధికారులు స్వాధీనం చేసుకున్నారు. వసూళ్లలో 45 శాతం ఆ ప్రభుత్వానికి, 55 శాతం అప్పులవాళ్లకు. సెనేట్ ఒప్పందాన్ని ఆమోదించకపోయినా రూజ్వెల్ట్ ఆగలేదు. తన సంతకంతోనే తాత్కాలిక ఏర్పాటుగా అమలు చేశారు. సెనేట్ రెండేళ్ల తర్వాత, 1907లో, దానికి ఆమోదముద్ర వేసింది. ముందు చేసేయడం, ఆనక అనుమతి తెచ్చుకోవడం అనే క్రమానికి ఇదే తొలి పాఠమని మా అభిప్రాయం. రేవు సుంకమే ప్రధాన ఆదాయంగా ఉన్న చిన్న దేశానికి కస్టమ్స్ పోతే జీతాలిచ్చే దారి ఉండదు. జీతాలు అందని సైన్యం తిరగబడుతుంది. తిరుగుబాటును అణచడానికి మెరైన్లు, అంటే నౌకల మీంచి తీరంలో దిగే అమెరికా సైనికులు, వస్తారు. డొమినికన్ రిపబ్లిక్‌లో వారు 1916లో దిగి 1924 వరకు ఉన్నారు.

హైతీలో అయితే సైన్యం కన్నా ముందు బంగారం కదిలింది. 1914 డిసెంబరులో మెరైన్లు హైతీ జాతీయ బ్యాంకు నుంచి 5 లక్షల డాలర్ల బంగారాన్ని మచయాస్ నౌకలోకి ఎక్కించి న్యూయార్క్ చేర్చారు. 1915 జులైలో అధ్యక్షుణ్ని అల్లరిమూక చంపగానే, శాంతిభద్రతల పేరుతో దిగి 19 ఏళ్లు ఉండిపోయారు. రోడ్ల కోసం రైతుల చేత వెట్టి చేయించారు. విదేశీయులు భూమి కొనరాదన్న పాత నిషేధాన్ని 1918 రాజ్యాంగంతో ఎత్తివేయించారు. తిరగబడ్డ రైతు దళాల నాయకుడు చార్ల్‌మేన్ పెరాల్ట్‌ను 1919లో కాల్చి చంపారు. సైన్యం 1934లో వెళ్లినా, ఖజానాపై పర్యవేక్షణ 1947 దాకా కొనసాగింది. హైతీ నేటి దుస్థితిని ఆ దేశస్థుల చేతగానితనంగా చూపేవారు ఈ తేదీలు చదవాలి.

అమెరికా ప్రజలంతా దీన్ని సమర్థించారనుకోవడం అన్యాయం. 1898లోనే బోస్టన్‌లో సామ్రాజ్యవాద వ్యతిరేక సంఘం ఏర్పడింది. మార్క్ ట్వేన్, ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ, తత్వవేత్త విలియం జేమ్స్ అందులో ఉన్నారు. మసాచుసెట్స్ సెనేటర్ జార్జ్ హోర్ సొంత పార్టీ అధ్యక్షుణ్నే ఎదిరించి పారిస్ ఒప్పందానికి వ్యతిరేకంగా ఓటేశారు.

1898 వాదానికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. అంతా అప్పుడే మొదలైతే, 1930లలో అమెరికా ఎందుకు వెనక్కి తగ్గింది? నికరాగ్వా నుంచి 1933లో, హైతీ నుంచి 1934లో సైన్యం వెళ్లిపోయింది. 1939 నాటికి అమెరికా పదాతి సైన్యం 2 లక్షల లోపే. కాబట్టి కరేబియన్ నేర్పింది పద్ధతిని మాత్రమే. ఆ పద్ధతిని ప్రపంచమంతటా వాడే శక్తి తర్వాత వచ్చింది. ఈ రెండూ కలిసిన చోటు 1950 వేసవి.

జూన్ 25న ఉత్తర కొరియా దండెత్తింది. ఐదు రోజుల్లో ట్రూమన్ వైమానిక, నౌకా, పదాతి దళాలన్నిటినీ దింపారు. కాంగ్రెస్‌ను ఓటు అడగలేదు. అడిగితే తాను అనుకూలంగా ఓటేస్తానని, అడగకపోవడమే తప్పని సెనేటర్ రాబర్ట్ టాఫ్ట్ జూన్ 28న సభలోనే చెప్పారు. దానికి జవాబుగా విదేశాంగ శాఖ జులై 3న ఒక పత్రం తయారు చేసింది. కాంగ్రెస్ అనుమతి లేకుండా అధ్యక్షులు సైన్యాన్ని వాడిన 85 ఘటనలను అందులో జాబితాగా పేర్చింది. సముద్ర దొంగలను తరమడం, తగలబడిన రేవుల్లో అమెరికన్లను కాపాడటం, కరేబియన్ తీరాల్లో కొద్దిమంది మెరైన్లు దిగడం వంటివే వాటిలో ఎక్కువ. ఆ చిల్లర ఘటనల బలంతో 36 వేల మందికి పైగా అమెరికన్లు, లక్షలాది కొరియన్లు బలైన యుద్ధానికి చట్టబద్ధత కల్పించారు. అదే ఏడాది అమెరికా జాతీయ భద్రతా మండలిలో సిద్ధమైన ఎన్‌ఎస్‌సీ-68 పత్రం రక్షణ వ్యయాన్ని భారీగా పెంచాలని కోరగా, కొరియా యుద్ధంతో ఆ వ్యయం మూడు రెట్లకు పైగా పెరిగింది. సైన్యం ఇక ఇంటికి చేరలేదు. జపాన్, జర్మనీ, కొరియాల్లో స్థిరపడింది. దళాలు సిద్ధంగా ఉన్నప్పుడు వాటిని కదపడానికి కావలసింది ఒక్క సంతకమే. 1971 డిసెంబరులో నిక్సన్ ఆదేశంతో ఎంటర్‌ప్రైజ్ విమానవాహక నౌక మన బంగాళాఖాతంలోకి వచ్చిందీ అలాగే.

వియత్నాం తర్వాత కాంగ్రెస్ మేల్కొంది. 1964 ఆగస్టు 4న వియత్నాం పక్కనున్న టొంకిన్ సింధుశాఖలో అమెరికా నౌకలపై జరిగిందన్న దాడి అసలు జరగనేలేదని తర్వాత బయటపడింది. కానీ ఆ దాడి పేరుతో సైన్యాన్ని వాడే అధికారాన్ని అధ్యక్షుడికి ఇచ్చే తీర్మానాన్ని ప్రతినిధుల సభ 416-0తో, సెనేట్ 88-2తో అప్పటికే ఆమోదించేశాయి. అందుకే 1973లో నిక్సన్ వీటోను తోసిపుచ్చి యుద్ధాధికారాల తీర్మానం తెచ్చారు. సైన్యాన్ని దింపిన 48 గంటల్లో నివేదిక ఇవ్వాలి. 60 రోజుల్లో అనుమతి రాకపోతే, ఉపసంహరణకు మరో 30 రోజుల గడువుతో, వెనక్కి పిలవాలి.

అది ఎక్కడ విఫలమైందో స్పష్టంగా చూడవచ్చు. నివేదిక ఫలానా సెక్షన్ కింద ఇస్తున్నామని రాస్తేనే ఆచరణలో ఆ 60 రోజుల గడియారం నడుస్తోంది. అధ్యక్షులు ఆ సెక్షన్ పేరెత్తకుండా నివేదికలిస్తున్నారు. దాన్ని ప్రస్తావించింది 1975లో కంబోడియా పట్టుకున్న అమెరికా నౌక మాయాగేజ్ ఉదంతంలో అధ్యక్షుడు ఫోర్డ్ ఒక్కరే, అదీ పని ముగిశాక. 2011లో లిబియాపై దాడులు 60 రోజులు దాటాక, అవి 'శత్రుత్వ చర్యలు' కిందికే రావని ఒబామా ప్రభుత్వం వాదించింది. ఉభయ సభలు తమంతట తామే ఉపసంహరణకు ఆదేశించే వీలు 1983లో పోయింది. కెన్యాలో పుట్టిన భారత సంతతి విద్యార్థి బహిష్కరణ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, అలాంటి శాసన వీటోలన్నిటినీ చెల్లకుండా చేసింది. ఇప్పుడు యుద్ధం ఆపాలన్నా అధ్యక్షుడి సంతకం కావాలి, లేదా రెండు సభల్లోనూ మూడింట రెండొంతులు కావాలి. యెమెన్ యుద్ధానికి సాయం ఆపాలని 2019లో రెండు సభలూ తీర్మానించినా, వీటో ముందు అది నిలవలేదు.

వీటన్నిటికీ మించి, సెప్టెంబరు దాడుల తర్వాత అధ్యక్షుడికి సైన్యాన్ని వాడే అధికారమిచ్చిన 2001 నాటి తీర్మానం ఇంకా అమల్లోనే ఉంది. దాని కీలక వాక్యం 60 పదాలు. అందులో దేశం పేరు లేదు, గడువు లేదు. ప్రతినిధుల సభలో 420 మంది అనుకూలంగా ఓటేస్తే, వద్దన్నది కాలిఫోర్నియా సభ్యురాలు బార్బరా లీ ఒక్కరే.

పనిచేసిన ఆయుధం ఒక్కటుంది, అది డబ్బు. నిధులు ఆపుతూ చట్టం చేయడంతో 1973 ఆగస్టు 15న కంబోడియాపై బాంబు దాడులు ఆగిపోయాయి. సోమాలియాలో 1994 మార్చి 31 తర్వాత ఖర్చుకు అనుమతి లేదని కాంగ్రెస్ ముందే కట్టడి చేసింది, సైన్యం ఆ లోపే బయటపడింది. అదే 1999 ఏప్రిల్‌లో కొసావో వైమానిక దాడుల ఆమోదం ప్రతినిధుల సభలో 213-213తో వీగిపోయినా, తర్వాతి నెలలోనే సభ నిధులు మంజూరు చేసింది. దాడులు 78 రోజులు సాగాయి.

2021 జులైలో సెనేటర్లు క్రిస్ మర్ఫీ, మైక్ లీ, బెర్నీ శాండర్స్ తెచ్చిన బిల్లు సరిగ్గా ఈ లోపాల మీదే గురిపెట్టింది. 60 రోజుల గడువును 20కి కుదించింది. గడువు దాటితే నిధులు వాటంతటవే ఆగిపోవాలంది. 'శత్రుత్వ చర్యలు' అంటే ఏమిటో నిర్వచించింది. కొత్త అధికార తీర్మానాలు రెండేళ్లకు కాలం తీరాలంది. పార్టీ గీతలు దాటి ముగ్గురు సంతకం చేసినా అది చట్టం కాలేదు. ఆ బిల్లును తిరిగి సభ ముందుకు తేవాలి. 2001 తీర్మానం కూడా రద్దు కావాలి.